మణికొండ: దస్త్రంలో అడగనిది నేలపై దొరకదు

గోల్కొండ కోటకు చేరువలో, షేక్‌పేట దాటగానే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. 16వ శతాబ్దిలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో హుస్సేన్ సాగర్ నిర్మాణాన్ని పర్యవేక్షించినవారు ఆయనే. ఆ చెరువు నేటికీ ఆయన పేరునే మోస్తోంది. మేము ప్రభుత్వోద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల తొలి సంవత్సరాలలో, ఒక సర్వేయరు వెంట ఆ దారిన మణికొండకు వెళ్ళాము. ఆయన చేతిలో టిప్పన్, మా భుజాన గొలుసు. నలువైపులా బండరాళ్ళ గుట్టలు. గుట్టల నడుమ జొన్న చేలు, ఆముదపు చేలు, బావుల కింద కూరగాయల మళ్ళు. మధ్యాహ్నం దర్గా నీడలో సద్దిమూట విప్పుకుంటే అక్కడి ముసలి ఖాదిం కూజాతో నీళ్ళు తెచ్చిపెట్టాడు. ఆ రోజు సాయంత్రం వరకు మాకు దారిలో ఎదురైనవి రెండు ఎడ్లబండ్లు, ఒక మేకల మంద.

నేడు అదే దర్గా ముంగిట నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా ముందు లాంకో హిల్స్ భవనాలు కనిపిస్తాయి. మేము గొలుసు పరచిన చేల మీద అపార్టుమెంట్లు, బడులు, ఆస్పత్రులు, హోటళ్ళు లేచాయి. ఒక మనిషి ఉద్యోగ జీవితం ముగిసేలోగా ఒక పల్లె నగరమైంది. ఆ మార్పును దూరం నుంచి చూసినవారము కాము. దాని దస్త్రాలు కొన్ని మా బల్ల మీదుగానే నడిచాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసిన బాధ్యత మాపై ఉందని భావిస్తున్నాము.

రెండు పేర్ల పల్లె

రెవెన్యూ రికార్డులలో మణికొండకు రెండు పేర్లున్నాయి: మణికొండ ఖాల్సా, మణికొండ జాగీరు. నిజాం కాలంలో ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారుకు చెల్లే భూమి. జాగీరు అంటే ఆ రాబడిని ఒక వ్యక్తికో, సంస్థకో, ధార్మిక సేవకో అప్పగించిన భూమి. దున్నేవాడికి ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు. అతనికి తెలిసింది వాన, బావి, శిస్తు. కానీ ఆ ఒక్క మాట తేడాయే అరవై డెబ్బై ఏళ్ళ తరువాత వేల కోట్ల రూపాయల వ్యాజ్యమవుతుందని ఆనాడు ఎవరూ ఊహించలేదు.

నగరం పడమటికి నడిచిన తీరు గుర్తుచేసుకుందాం. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి వైపు రావడం తొలి అడుగు. తరువాత చాలాకాలం పెద్ద కదలిక లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తలుపులు తెరిచింది. ఆపై 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పల్లెల మీదుగా సాగిపోయింది. ఆఫీసు వచ్చిన చోటికి రోడ్డు వచ్చింది. రోడ్డు వచ్చిన చోటికి ప్లాట్ల వ్యాపారి వచ్చాడు. అతని వెనుక అపార్టుమెంటు. 2018లో మణికొండ, పుప్పాలగూడ, నెక్నాంపూర్‌లను కలిపి పురపాలక సంఘం చేశారు. 2023 ఆగస్టులో పొరుగునున్న కోకాపేటలో ప్రభుత్వ వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. ఒకప్పుడు ఆడబిడ్డ పెళ్ళికి అర ఎకరం అమ్ముకున్న రైతు కొడుకు నేడు అదే నేలపై కట్టిన భవనానికి కాపలాదారుగా ఉన్న ఉదంతాలు ఈ ప్రాంతంలో వెతకనక్కరలేదు; పలకరిస్తే చాలు.

ఆ నగరంలోకి వచ్చినవారు ఒక్క ప్రాంతం వారు కాదు. గోదావరి, కృష్ణా తీరాల నుంచి, రాయలసీమ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వచ్చారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి భవనాలు కట్టే చేతులు వచ్చాయి. కేరళ నర్సులు, రాజస్థాన్ దుకాణదారులు, తమిళ, కన్నడ కుటుంబాలు వచ్చాయి. మన జిల్లాల ముస్లిం యువకులు, చదువుకున్న మన ఆడపిల్లలు కూడా వచ్చారు. రంజాన్ సాయంత్రాలలో హలీం బట్టీ ముందు నిలిచే వరుసలో ఎవరు ఏ మతం వారో చెప్పడం కష్టం. ఇది చిన్న విషయం కాదు. పాతబస్తీలో నాలుగు వందల ఏళ్ళలో కుదిరిన కలివిడిని ఈ కొత్త ఊరు పాతికేళ్ళలో కొంతైనా సాధించింది. దానిని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

ఐదు అంతస్తుల మెట్లు

మా అక్కగారు చివరి రెండేళ్ళు మణికొండలో కొడుకు దగ్గర ఉన్నారు. ఐదో అంతస్తులో అద్దె ఇల్లు. ఒక శీతాకాలపు తెల్లవారుజామున ఆమె అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. గుసుల్, కఫన్ పూర్తయ్యాక మొదటి చిక్కు ఎదురైంది: లిఫ్టులో జనాజా పట్టదు. ఆ భవనం గీసినవారు సోఫాను, బీరువాను లెక్కలోకి తీసుకున్నారేమో గాని, ఆ ఇంట్లో ఒకరు చనిపోతారని తలచలేదు.

చివరికి మెట్ల మీదుగానే దించాము. భుజం పట్టినవారిని మేము ఒక్కొక్కరుగా చూశాము. మా మేనల్లుడు, అతని స్నేహితుడు. ఎదురింటి భీమవరం ఆయన. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్. పక్కన కడుతున్న భవనం నుంచి పిలవకుండానే వచ్చిన ఇద్దరు బీహారీ కూలీలు. వారిలో ఒకరే ముస్లిం. మలుపు మలుపుకూ ఆగుతూ, గోడకు తగలకుండా ఒరిగిస్తూ, ఐదు అంతస్తులు. కింద ఎదురింటి ఆయన భార్య తలపై కొంగు కప్పుకొని నిలబడి ఉంది. ఆ క్షణాన మాకు ఆ నగరంపై ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు గంట తరువాత మొదలైంది. దగ్గరలోని ఖబరస్తాన్లలో అడిగితే, ఒకచోట చోటు లేదన్నారు. మరోచోట తమ మొహల్లా వారికే అన్నారు. ఇంకొకచోట అడిగిన మొత్తం విని మేనల్లుడు మా ముఖం చూశాడు. కమిటీ పెద్దలను తప్పుపట్టలేము. వారి పూర్వికులు వదిలిన కొద్ది నేల, దాని చుట్టూ లక్షల జనాభా. చివరికి వాహనం మాట్లాడి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోని మా స్వగ్రామానికి తీసుకువెళ్ళాము. అసర్ దాటి, మగ్‌రిబ్ వేళకు ఖననం జరిగింది. భీమవరం ఆయన తన కారులో మా వెనుకే వచ్చి, పిడికెడు మట్టి వేసి, రాత్రికి రాత్రే తిరిగి వెళ్ళారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మనుషులు కలిశారు, భుజం ఇచ్చారు. కానీ ఆ ఊరి నేల మా అక్కగారికి ఆరడుగులు ఇవ్వలేకపోయింది. ఎందువల్ల?

మేము రాయని వాక్యం

జవాబు మా బల్ల మీదే ఉంది. వ్యవసాయ భూమి ప్లాట్లుగా మారాలంటే లేఅవుటు నక్షా దాఖలవుతుంది. అందులో రోడ్ల వెడల్పు చూస్తారు. పది శాతం స్థలాన్ని ఉమ్మడి ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు దఖలు చేశారా లేదా చూస్తారు. రుసుము కట్టారా చూస్తారు. గుమాస్తా ఆ వివరాలన్నీ సరిచూసి నోట్ రాసి పైకి పంపుతాడు. అటువంటి నోట్లు రాసినవారిలో మేమూ ఉన్నాము. "ఈ వందల ఇళ్ళలో రేపు చనిపోయేవారిని ఎక్కడ ఖననం చేస్తారు?" అని ఒక్క నోటులోనూ మేము ప్రశ్నించలేదు. నియమాలలో ఆ గడి లేదు. గడి లేనిదానిని అడగడం గుమాస్తా పని కాదనుకున్నాము. బయట నుంచి కూడా ఎవరూ అడగలేదు. ఒక మసీదు కమిటీ గాని, ఒక చర్చి పెద్ద గాని, ఒక కుల సంఘం గాని ఆ మాటతో మా కార్యాలయపు మెట్లెక్కిన గుర్తు మాకు లేదు.

పాత పల్లె ఇంత నిర్దయగా ఉండేది కాదు. ప్రతి పల్లెలో ఒక ఖబరస్తాన్, ఒక శ్మశానం ఉండేవి. దళితవాడకు వేరే చోటు చూపడంలో అన్యాయం ఉన్నా, చోటంటూ ఉండేది. పల్లె నగరమైనప్పుడు జనాభా వంద రెట్లు పెరిగినా, ఆ నేల మాత్రం పాత కొలతలోనే మిగిలింది. కొన్నిచోట్ల ప్రహరీ జరిగి జరిగి చిక్కిపోయింది. ఇది ముస్లింల ఒక్కరి సమస్య కాదు. క్రైస్తవులు ఖననం చేస్తారు. హిందువులలో లింగాయతులు, అనేక దళిత కుటుంబాలు ఖననం చేస్తారు. దహనం చేసేవారికీ మర్యాదైన శ్మశానవాటిక కావాలి.

రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. 74వ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలు పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 బాధ్యతలను పేర్కొంది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. పద్నాలుగవది ఖనన స్థలాలు, శ్మశానవాటికలు. అంటే రోడ్డు, మంచినీరు ఎటువంటి బాధ్యతలో, ఖబరస్తాన్ కూడా అటువంటి బాధ్యతే. అది ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు.

1654 ఎకరాలు, ఒక పాఠం

మణికొండ పేరెత్తితే మన పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది వక్ఫ్ వ్యాజ్యం. దానిని దాటవేసి ముందుకు వెళ్ళడం నిజాయితీ కాదు.

1949లో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయి, వాటి భూములు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. 1989 నాటి గెజిట్‌లో హుస్సేన్ షా వలీ దర్గాకు వక్ఫుగా ప్రకటితమైంది 5,506 చదరపు గజాలు. 2006లో వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటన జారీ చేసి, మణికొండ జాగీరులోని 1654 ఎకరాల 32 గుంటలు వక్ఫేనని పేర్కొంది. అప్పటికే ప్రభుత్వం అందులో చాలా భాగాన్ని కేటాయించడం మొదలైంది. 2012లో హైకోర్టు వక్ఫ్ పక్షాన తీర్పు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. జాగీర్ల రద్దుతోనే ఆ భూమి ప్రభుత్వపరమైందని, 2006 సవరణ ప్రకటన చెల్లదని తేల్చింది.

ఆ తీర్పు మనలో ఎందరినో బాధించింది, మమ్మల్నీ బాధించింది. దర్గా సేవకై విడిచిన రాబడి, ఆ రాబడినిచ్చిన నేల వేరువేరని చట్టం చెప్పవచ్చు. సామాన్య ముస్లిం మనసు అంత తేలికగా ఒప్పుకోదు. అయినా నలభై ఏళ్ళ దాకా దస్త్రాలు తిరగేసిన మేము మరొక లెక్క కూడా చెప్పాలి. 1949 నుంచి 2006కు 57 ఏళ్ళు. ఆ 57 ఏళ్ళలో మూడు తరాల ముతవల్లీలు, పెద్దలు, బోర్డు సభ్యులు వచ్చి వెళ్ళారు. ఆ భూమిపై జొన్న పండినంతకాలం దాని కాగితం గురించి మనం పట్టించుకోలేదు. అద్దాల మేడలు లేచాక మేల్కొన్నాము. ప్రభుత్వం తప్పు చేయలేదని మేము అనడం లేదు. ఎదుటివాడి తప్పును నిరూపించడానికి కూడా మన చేతిలో కాగితం ఉండాలని అంటున్నాము.

2025లో వక్ఫ్ చట్టం మారింది. దానిపై మన సమాజంలో ఉన్న ఆందోళన న్యాయమైనది. కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు నిలిపివేసింది కూడా. కానీ వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయమన్నప్పుడు ఎన్ని మసీదుల కమిటీలు తమ గెజిట్ ప్రతి కోసం, ముంతఖబ్ ప్రతి కోసం వెతుకులాడాయో మనకు తెలుసు. పోరాటం వేదికపై ఎంత జరిగినా, బీరువాలో కాగితం లేనప్పుడు అది సగం పోరాటమే.

మరి ఆ 1654 ఎకరాలు న్యాయస్థానంలో ప్రభుత్వపరమయ్యాయి, సరే. ఆ భూమిని కేటాయించి, వేలం వేసి, పన్నులు పొంది ప్రభుత్వం సంపన్నమైంది, అదీ సరే. ఆ సంపద పుట్టిన ఊరిలో, అన్ని మతాల మృతుల కోసం కొన్ని ఎకరాలు వదలమని అడగడం అత్యాశా? ఇది వ్యాజ్యం కాదు. పన్ను కట్టే పౌరుడు తన స్థానిక సంస్థను అడిగే మాట.

తలుపు వద్ద ఆగే మర్యాద

మరొక గడి కూడా ఆ నక్షాలో లేదు. మా మేనల్లుడు ఆ అద్దె ఇల్లు దొరకడానికి ముందు పదకొండు ఇళ్ళు చూశాడు. ఫోనులో జీతం, ఉద్యోగం విని "రండి సార్" అన్నవారే పేరు విన్నాక, "ఏమనుకోకండి, ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారు" అన్నారు. వారం తరువాత కూడా ఆ ఇంటికి టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. కొందరు వంటకం పేరు చెప్పారు, కొందరు అసోసియేషన్ పేరు చెప్పారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ మర్యాదగానే తలుపు వేశారు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. ముస్లింలకు ఇళ్ళు కొనడంలో, అద్దెకు దొరకడంలో ఎదురయ్యే ఇబ్బందిని 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. దాని అమలును సమీక్షించిన కుందూ కమిటీ 2014లో వివక్షా నిరోధక చట్టం అవసరమని సూచించింది. ఆ చట్టం నేటికీ రాలేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణ దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల వద్ద మతం పేరిట అడ్డుకోరాదంది. ప్రైవేటు ఇంటి అద్దె గురించి చెప్పలేదు. పైగా 2005లో, పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహనిర్మాణ సహకార సంఘం నియమాన్ని సుప్రీంకోర్టు చెల్లుబాటు చేసింది. అంటే ఈ తలుపు తెరవాలంటే చట్టసభ వద్దకే వెళ్ళాలి.

అయితే ఒక మాట మనలో మనం అడుగుకోవాలి. మన ఇంట్లో గది ఖాళీ అయినప్పుడు దళిత కుటుంబానికి ఇస్తున్నామా? మరో జిల్లా నుంచి, మరో మస్లక్ నుంచి వచ్చిన ముస్లింకైనా ఇస్తున్నామా? మన గడపలో లేని న్యాయాన్ని ఎదుటి గడపలో అడిగితే ఆ గొంతుకు బలం ఉండదు.

ఇప్పుడే రాస్తున్న కాగితం

మణికొండలో పొలం మిగలలేదు. అక్కడ జరిగినది జరిగింది. కానీ రంగారెడ్డి జిల్లాలోనే మరో నగరం కాగితంపై పుడుతోంది. ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట పరిసరాలలో భారత్ ఫ్యూచర్ సిటీ పేరిట 56 గ్రామాలను ఒక అభివృద్ధి సంస్థ కిందికి తెచ్చారు. అక్కడ నేడు ఉన్నది 1980లలో మేము మణికొండలో చూసినదే: చేలు, గుట్టలు, బావులు, పాత మసీదులు, ఆషుర్‌ఖానాలు, చింతచెట్ల కింద ఖబరస్తాన్లు.

అక్కడివారు చేయవలసిన పనులు పెద్దవి కావు, సమయానికి చేయవలసినవి. ప్రతి గ్రామంలోని మసీదు, దర్గా, ఖబరస్తాన్ సర్వే నంబరు, విస్తీర్ణం, గెజిట్ ప్రతి, పాత పహాణీ నకలు ఇప్పుడే సేకరించి మూడు చోట్ల భద్రపరచండి. ఉన్న హద్దులను సర్వే చేయించి రాళ్ళు పాతించండి. ముసాయిదా ప్రణాళిక వెలువడినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా ఖనన స్థలాల కోసం లిఖితపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ఒంటరిగా వెళ్ళకండి. చర్చి పెద్దలను, దళిత సంఘాలను, శ్మశానం కోరే హిందూ సోదరులను వెంట తీసుకువెళ్ళండి. నలుగురు కలిసి అడిగినది మత విషయం కాదు, ఊరి విషయం అవుతుంది. అపార్టుమెంటులో ఉన్నవారు అసోసియేషన్ సమావేశానికి తప్పక హాజరవండి. నియమావళి రాసే రోజున మనం గదిలో ఉండాలి. తలుపు వేశాక తట్టి లాభం లేదు. ఈ పనులలో మా వంటి విశ్రాంత ఉద్యోగులను వాడుకోండి. మాకు దస్త్రం చదవడం తెలుసు, తీరికా ఉంది, తీర్చవలసిన బాకీ కూడా ఉంది.

మా అక్కగారి జనాజాకు భుజమిచ్చినవారు మా దగ్గర ఏ కాగితమూ అడగలేదు. ఆ భుజాల మీద మాకు నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి తగిన చోటు నక్షాలో ఉండాలన్నదే మా కోరిక. ఆనాడు మేము రాయని వాక్యం మణికొండ దస్త్రంలో ఇక రాయలేము. ముచ్చర్ల దస్త్రంలో ఇంకా ఖాళీ ఉంది.